సాధన గదిలో ఎవరి మాట చెల్లాలి?

జానపద కళలు, సమకాలీన ప్రదర్శన: షేక్ నాజర్ స్మారకోపన్యాసం

నాజర్ గారి పేరు తలచుకోగానే తెలుగువారి చెవుల్లో ఒక గొంతు మోగుతుంది. ఆ గొంతు వెనక ఉన్న ఆలోచనను కూడా తలచుకోవడం ఈ సభకు తగిన పని అని నా నమ్మకం.

షేక్ నాజర్ గారు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద పింజారి కుటుంబంలో పుట్టారు. సంగీతం సాధన చేశారు, నాటకాల్లో వేషాలు కట్టారు, ఆ తర్వాత వామపక్ష ప్రజానాట్యమండలి ఉద్యమంలో బుర్రకథకు తన జీవితాన్ని ఇచ్చేశారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన నోట విన్న తరాలున్నాయి. 1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. జనం అంతకంటే ముందే బుర్రకథ పితామహుడని పిలుచుకున్నారు. 1997లో ఆయన మనల్ని విడిచి వెళ్ళారు. తన ఆత్మకథకు ‘పింజారి’ అని పేరు పెట్టుకున్న ఆత్మగౌరవం ఆయనది. నాజర్ గారిని గొప్ప గాయకుడిగా, గొప్ప నటుడిగా తలచుకుంటాం. ఈరోజు ఆయన్ని ఒక పద్ధతికి ఉదాహరణగా కూడా తలచుకోమని కోరుతున్నాను. జానపద కళనూ తన కాలపు ప్రదర్శననూ కలపడం ఎలాగో చేసి చూపించినవారాయన.

జానపద నృత్యం, సంగీతం ఇవాళ ఆధునిక నాటకంలో, సినిమాలో, ఫ్యూజన్ కచేరీల్లో, ప్రభుత్వ ఉత్సవాల్లో విరివిగా కనిపిస్తున్నాయి. ఈ కలయిక మంచిదా చెడ్డదా అన్న చర్చ ఎప్పుడూ వేదిక మీద కనిపించే దాని చుట్టూనే తిరుగుతుంది: దుస్తులు మారాయా, వాద్యాలు మారాయా, పాట వేగం పెరిగిందా అని. ఆ ప్రశ్నలకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ప్రదర్శన తయారయ్యే సాధన గదిలో నిర్ణయాలు ఎవరివి? జానపద కళాకారుడు అక్కడ సహకర్తగా ఉన్నాడా, ముడిసరుకుగా ఉన్నాడా? కలయిక నిలుస్తుందా లేదా అన్నది ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంటుందన్నది నా వాదన. దాన్ని ఆరు మెట్లలో మీ ముందుంచుతాను.

1. బుర్రకథే ఒక కలయిక

జానపద కళ అనగానే ఎప్పటినుంచో మారకుండా వస్తున్నదనే భావన మనలో బలంగా ఉంది. దాన్ని తొలగించడానికి బుర్రకథను మించిన సాక్ష్యం అక్కర్లేదు. మనకు తెలిసిన బుర్రకథ రూపం 1940ల నాటిది. దానికి ముందు జంగం కథ ఉంది, తంబుర కథ ఉంది, తెలంగాణలో శారద కథ ఉంది. ఊరూరా తిరిగి వీరగాథలు చెప్పే కథకుల ఒరవడి అది. 1942 ప్రాంతంలో గుంటూరు జిల్లాలో కమ్యూనిస్టు కార్యకర్తలు, కళాకారులు ఆ ఒరవడిని అందుకున్నారు. సుంకర సత్యనారాయణ వంటి రచయితలు కూలీల, రైతుల బతుకును కథాంశంగా చేసి ‘కష్టజీవి’ వంటి కథలు రాశారు. పాత కథన పద్ధతి, కొత్త వస్తువు, రాజకీయ సభ అనే కొత్త వేదిక ఒకచోట చేరాయి. మోటూరి ఉదయం గారి వంటి స్త్రీలు దళంగా ఏర్పడి బుర్రకథ చెప్పారు. జనంలో అది రేపిన కదలిక చూసి మద్రాసు ప్రభుత్వమూ నిజాం ప్రభుత్వమూ నిషేధాలు పెట్టాయి. ఈనాటి మాటల్లో చెప్పాలంటే అది ఆనాటి సమకాలీన సహకార ప్రదర్శన.

ఈ చరిత్రలో నాజర్ గారి స్థానం గమనించండి. ఎవరో దర్శకుడు రాసుకున్న దృశ్యంలో కాసేపు పాడి వెళ్ళడానికి పిలిపించిన మనిషి కాదాయన. వరస తానే కట్టారు, నడక తానే నిర్ణయించారు, కథనూ తన చేతిలోనే ఉంచుకున్నారు. బెంగాల్ కరువును కథగా చెప్పినప్పుడు వందల మైళ్ళ అవతలి ఆకలిని గుంటూరు పల్లెకు అర్థమయ్యే మాటల్లోకి, రాగంలోకి తెచ్చారు. నేర్చిన శాస్త్రీయ సంగీతం ఆయన గొంతులో బుర్రకథకు బలమైంది తప్ప బుర్రకథను కచేరీగా మార్చలేదు. నాటకంలో అలవడిన అభినయం కథకుడి ముఖంలోకి వచ్చింది, కథనాన్ని మింగేయలేదు. ఏది ఎంత పాళ్ళలో కలవాలో తూచిన చెయ్యి ఆ కళలో ఆరితేరిన చెయ్యి కాబట్టే అది సాధ్యమైంది. నా వాదనకు ఇది మొదటి ఆధారం.

2. కళాకారుడు తెచ్చేది పాట ఒక్కటే కాదు

జానపద కళాకారుడిని పిలిచే నిర్మాతలు సాధారణంగా అతని దగ్గర ఒక బాణీని, ఒక అడుగును, ఒక వాద్యాన్ని చూస్తారు. అతను వాటితోపాటు ప్రదర్శన నిర్మించే పద్ధతినే వెంట తెస్తాడు. బుర్రకథ సంగతే చూడండి. నడుమ కథకుడు, భుజాన తంబురా, వేళ్ళకు అందెలు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. కథకుడు ఊపిరి తీసుకునే వ్యవధిని వంతపాట నింపుతుంది, అతను మరిచిన మాటను వంత ప్రశ్న గుర్తుచేస్తుంది, కథ బరువెక్కినప్పుడు హాస్యం తేలిక చేస్తుంది. పల్నాటి కథ నడుస్తుండగానే రాజకీయం చెప్పే వంత ఆ ఏటి ధరలను, ఆ ఊరి సమస్యను మధ్యలోకి తెస్తాడు. సమకాలీనతను ఈ కళలోకి బయటి దర్శకుడు మోసుకురావాల్సిన పని లేదు. దానికోసం ఒక మనిషినే కేటాయించి పెట్టిన కళ ఇది.

ఒగ్గుకథలోనూ ఇంతే. 2004లో సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న చుక్క సత్తయ్య గారి ప్రదర్శన చూసినవారికి తెలుసు: కథకుడు ఒక్క క్షణంలో పాత్ర అవుతాడు, మరుక్షణం మళ్ళీ కథకుడై ఆ పాత్ర గురించి మనతో మాట్లాడతాడు. ఆధునిక నాటకరంగం జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ పేరు చెప్పి ఎంతో శ్రమపడి నేర్చుకునే నేర్పు ఇది. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పే కురుమ, గొల్ల కళాకారులకు తరాలుగా అలవాటైనది. ముందు కూర్చున్నవారి ముఖం చూసి ఒక ఘట్టాన్ని పెంచడం, ఇంకో ఘట్టాన్ని తుంచడం కూడా ఈ పద్ధతిలో భాగమే. రాతప్రతి ముందే ఖాయమైపోయి, వెలుగు మారే క్షణాలు కూడా లెక్కకట్టిన నాటకంలో ఒగ్గు కథకుడిని నిలబెడితే, అతని విద్యలో సగం బయటే ఉండిపోతుంది. లోపలికి వచ్చిన సగాన్ని చూసి, ఇంతేనా జానపదం అని ప్రేక్షకుడు అనుకుంటాడు.

మీలో సంగీతం తెలిసినవారికి ఇంకొక సంగతి. వాద్యాలకు తమవైన నియమాలున్నాయి. డప్పు వాయించే ముందు మంట దగ్గర కాచాలి, తోలు బిగుసుకుంటేనే నాదం పలుకుతుంది. చల్లటి ఏసీ హాలులో కొద్దిసేపటికే తోలు సాగుతుంది, చిర్రా, చిటికెన పుల్లా ఎంత నేర్పుగా కొట్టినా మోత మొద్దుబారుతుంది. తీగవాద్యమైన పన్నెండు మెట్ల కిన్నెర స్వరస్థానాలు దాన్ని తయారుచేసిన చేతివి. కీబోర్డు శ్రుతికి అవి అచ్చంగా కుదరాలని లేదు. కథ పాడే గొంతు ఉద్వేగంతోపాటు వేగం పెంచుకుంటుంది, విషాదంలో ఆగుతుంది. స్టూడియోలో చెవికి తగిలించే మెట్రోనోమ్ చప్పుడు ఈ పెంపునూ ఈ ఆగడాన్నీ తప్పులుగా లెక్కిస్తుంది. ఇవన్నీ పరిష్కారమున్న సమస్యలే. వేదిక పక్కన నిప్పుల కుంపటికి ఏర్పాటు చేయవచ్చు, కీబోర్డునే కిన్నెర శ్రుతికి దించవచ్చు, గాయకుడి నడకనే తాళానికి ఆధారం చేయవచ్చు. ఎవరు ఎవరికి తగ్గట్టు మారాలి అన్న నిర్ణయంలోనే ఆ గదిలో అధికారం ఎవరిదో తెలిసిపోతుంది.

3. కుదిరినచోట ఏం జరిగింది?

మన రాష్ట్రాల బయట ఈ ప్రశ్నను అందరికంటే నిజాయితీగా ఎదుర్కొన్నవారు నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్. రాయపూర్‌లో పుట్టి, లండన్‌లో నటన చదివి, బెర్లిన్‌లో బ్రెహ్ట్ బృందం నాటకాలు చూసి తిరిగి వచ్చిన మనిషి. 1958లో ‘మృచ్ఛకటికం’ను ‘మిట్టీ కీ గాడీ’గా చేసినప్పుడే ఛత్తీస్‌గఢ్ జానపద నాటకం నాచా ఆడే కళాకారులను ఆరుగురిని తీసుకున్నారు. తర్వాతి ఏళ్ళలో వారి చేత హిందీ పలికించాలని, వేదిక మీద ముందే గీసుకున్న స్థానాల్లో నిలబెట్టాలని ప్రయత్నించారు. గ్రామంలో ఎదురులేని నటులు ఆ కట్టుబాట్లలో బిగుసుకుపోయారు. లోపం నటుల్లో లేదని, తన పద్ధతిలో ఉందని తన్వీర్ గుర్తించారు. వారిని వారి ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడనిచ్చారు, కదలికను వారికే వదిలారు. 1973లో రాయపూర్‌లో నాచా కళాకారులతో కార్యశాల పెట్టి, వారి హాస్య ఘట్టాలనే కలిపి నాటకం అల్లారు. ఆ దారిలోనే 1975లో ‘చరణ్‌దాస్ చోర్’ వచ్చింది. విజయదాన్ దేథా చెప్పిన రాజస్థానీ కథ, సత్నామీల పంథీ నృత్యం, నాచా నటుల సమయస్ఫూర్తి, తన్వీర్ కూర్పు అందులో కలిశాయి. 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో దానికి ఫ్రింజ్ ఫస్ట్ పురస్కారం వచ్చింది.

ఈ ఉదాహరణలో మనం నేర్చుకోవాల్సింది పురస్కారాన్ని గురించి కాదు, కాలాన్ని గురించి. 1958 నుంచి 1973 దాకా అంటే పదిహేనేళ్ళు. దర్శకుడు తన చదువును కొంత పక్కన పెట్టడానికి అంత కాలం పట్టింది. మరోవైపు తన్వీర్ దర్శకుడిగా తప్పుకోలేదన్నదీ నిజమే. ఏ ఘట్టం ముందు, ఏది తర్వాత, ఎక్కడ ముగించాలి అన్న నిర్మాణ దృష్టి ఆయనదే. అధికారం పంచుకోవడమంటే బాధ్యత వదిలేయడం కాదని ఆయన పని చూపిస్తుంది. తెలుగునాట కూడా దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. 1990లలో కన్నడ రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్ గారు సురభి కుటుంబాలతో పనిచేశారు. సురభి జానపద కళ కాదు, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటక సమాజం. అయినా పద్ధతి విషయంలో పాఠం ఒకటే. సురభివారి తెరలు, మాయాదృశ్యాలు, కుటుంబమంతా కలిసి ఆడే అలవాటు చెడకుండానే ‘భీష్మ’, ‘చండీప్రియ’, బ్రెహ్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించారు. వారి బలాన్ని ఆధారం చేసుకునే కొత్త వస్తువు దగ్గరికి వారిని తీసుకెళ్ళారు.

4. రాయితో చేసే పని, మనిషితో చేసే పని

ఇక్కడ నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారిని తలచుకోకుండా ముందుకు వెళ్ళలేం. పేరిణి శివతాండవం ఈరోజు తెలంగాణ గర్వంగా చూపించుకునే నృత్యం. కాకతీయుల కాలపు ఆ నృత్యానికి బతికున్న గురువులు లేరు. జాయప సేనాని 13వ శతాబ్దంలో రాసిన ‘నృత్తరత్నావళి’ ఉంది, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలున్నాయి. ఆ గ్రంథాన్నీ ఆ శిల్పాలనూ చదివి, ఊహించి, శిష్యుల దేహాల మీద పరీక్షించి రామకృష్ణ గారు పేరిణికి మళ్ళీ రూపం ఇచ్చారు. 1985 శివరాత్రి నాడు రామప్ప సన్నిధిలో అది వేల జనం ముందు ఆడింది. ఇదంతా ఒక కళాకారుడి సృజనాధికారంతో జరిగిన పని. అలా జరగడం న్యాయమే. శిల్పాన్ని పిలిచి సలహా అడగలేం.

అదే రామకృష్ణ గారు ఆంధ్రనాట్యం దగ్గరికి వచ్చేసరికి మరో దారి పట్టారు. అక్కడ బతికున్న ఆలయ నర్తకీమణులు ఉన్నారు. సమాజం వారిని దూరంగా నెట్టేసినా వారి దేహంలో విద్య మిగిలే ఉంది. ఆయన వారి దగ్గరికి వెళ్ళి నేర్చుకున్నారు, వారిని గురువులుగా వేదిక మీదికి తెచ్చారు. ఒకే వ్యక్తి చేసిన ఈ రెండు పనుల నడుమ తేడా మనకు మార్గం చూపిస్తుంది. రాతి మీద, గ్రంథంలో మిగిలినదాన్ని పునర్నిర్మించేటప్పుడు దర్శకుడికి స్వేచ్ఛ ఎక్కువ. బతికున్న మనిషి దగ్గర బతికున్న కళను తీసుకునేటప్పుడు ఆ స్వేచ్ఛ సగానికి తగ్గాలి, మిగతా సగం ఆ మనిషిది. మన ఉత్సవాల్లో, చిత్రీకరణల్లో ఎక్కువగా జరుగుతున్న పొరపాటు, మనుషులను శిల్పాల్లా చూడటమే. మంత్రిగారు వచ్చే దారిలో డప్పు దళాన్ని ఎండలో నిలబెడతాం. పెద్ద నాటకంలో రెండు నిమిషాల థింసా నృత్యం పెట్టి, అరకు నుంచి వచ్చిన స్త్రీలకు కథ ఏమిటో కూడా చెప్పం. దుస్తుల రంగు మనమే ఎంచుతాం, పాట మనమే కత్తిరిస్తాం, చివరికి కార్యక్రమ పత్రంలో ‘గిరిజన బృందం’ అని రాసి ఊరుకుంటాం. అందులో కళ కనిపిస్తుంది గానీ కళాకారుడి మనసు పనిచేయదు.

దూరం ఎక్కువయ్యే కొద్దీ ఈ అన్యాయం ఎక్కువవుతుంది. 1992లో ‘డీప్ ఫారెస్ట్’ అనే ఫ్రెంచి సంగీత ద్వయం ఒక ఆల్బమ్ విడుదల చేసింది. అందులో ప్రపంచమంతా మారుమోగిన ఒక పాటకు ఆధారం సాలమన్ దీవుల్లో అఫునాక్వా అనే స్త్రీ పాడిన జోలపాట. సంగీత పరిశోధకుడు హ్యూగో జెంప్ అధ్యయనం కోసం రికార్డు చేసినది. పాడిన మనిషిని కలవకుండానే ఆ గొంతు ఎలక్ట్రానిక్ వాద్యాల మధ్య చేరింది, ఆల్బమ్ లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. ఆ సంగీతం చెవికి ఇంపుగా ఉండటం వల్ల ఆ తప్పు ఒప్పు కాదు. సహకారానికి ముందుగా ఇద్దరు మనుషులు ఒకరికొకరు తెలిసి ఉండాలి. ఈ రోజుల్లో ఎవరి ఫోనులోనైనా పల్లెపాటను నిమిషంలో పట్టుకుని, మరో నిమిషంలో బీటు జోడించి వదలవచ్చు. అందుకే ఈ హెచ్చరిక మన యువ సంగీతకారులకు మరీ అవసరం.

5. వచ్చే అభ్యంతరాలు, వాటికి జవాబులు

మొదటి అభ్యంతరం స్వచ్ఛతను ప్రేమించేవారిది. కలిపితే చాలు కళ చెడిపోతుందని వారి భయం. ఆ భయం వెనక ప్రేమ ఉంది కాబట్టి దాన్ని గౌరవిస్తాను. కానీ బుర్రకథ పుట్టుకే వారికి జవాబు. మార్పు ఎప్పుడూ ఉంది, నిలిచిన మార్పు లోపలివారి చేతుల మీదుగా జరిగింది. స్వచ్ఛత పేరిట కళను కదలనీయకపోవడం కూడా బయటివారు కళాకారుడి మీద పెట్టే ఆజ్ఞే. కిన్నెర మొగులయ్య గారు పండుగ సాయన్న వీరగాథ పాడాలా, సినిమా పాట పాడాలా అన్నది ఆయన నిర్ణయం. 2021లో ఒక సినిమా పాటలో ఆయన గొంతు, పన్నెండు మెట్ల కిన్నెర వినబడి, 2022లో పద్మశ్రీ వచ్చాక, అంతకుముందు ఆ వాద్యం పేరే ఎరగనివారు దాని గురించి అడగడం మొదలుపెట్టారు. అది మేలే. ఆ మేలు తర్వాతి తరం కిన్నెర పట్టుకునేదాకా సాగాలన్నదే మన కోరిక కావాలి.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: కొన్ని కళలు కొలుపులో, మొక్కులో భాగం, వేదిక మీదికి రాకూడనివి. ఇందులో నిజముంది. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ నృత్యం దండారి పండుగ దినాల్లో నియమంతో ఆడేది. నెమలి ఈకల టోపీ అలంకారం కాదు, పూజ్య వస్తువు. నృత్యం చేసేవారు ఆ రోజుల్లో స్నానం కూడా చేయని దీక్షలో ఉంటారు. ఒగ్గువారు రంగుల ముగ్గుతో పట్నం వేసి మల్లన్నను కొలిచేది కూడా ఇలాంటిదే. మరి గుస్సాడీని ఇతర వేదికల మీదికి తీసుకెళ్ళిన కనకరాజు గారి వంటి గురువులను కూడా చూశాం. ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఏది వేదికకు తగినది, ఏది గుడికీ గూడేనికీ మాత్రమే చెందినది అన్న గీత ఆ సమాజంలోని పెద్దలే గీయాలి. సహకారంలో ‘వద్దు’ అనే హక్కు లేకపోతే, అక్కడ వచ్చే ‘సరే’కి విలువ ఉండదు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే సూటిగా అడగాల్సింది, తక్కువగా అడుగుతున్నది. ఈ కళలు చాలావరకు కులంతో ముడిపడి ఉన్నాయి. డప్పు మోత వెనక వెట్టి ఉంది, చావు ఇంటి ముందు వాయించక తప్పని నిర్బంధం ఉంది. చిందు యక్షగానం ఆడే చిందువారు ఒక దాతృకులం మీద ఆధారపడి బతికిన ఆశ్రిత కళాకారులు. ఈ కళలను కాపాడమని అడగడం ఆ బానిసత్వాన్ని కాపాడమని అడగడం కాదా? ఈ ప్రశ్నకు తప్పించుకునే జవాబు ఇవ్వకూడదు. డప్పును దించేసి చదువు పట్టుకున్న కుర్రవాడి నిర్ణయాన్ని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. అయితే అదే డప్పును ఉద్యమాల్లో, సభల్లో ఆత్మగౌరవ చిహ్నంగా ఎత్తి పట్టుకున్నవారు కూడా ఆ కుటుంబాల బిడ్డలే. వాద్యం ఒకటే, దాని అర్థాన్ని మార్చింది ఎవరు ఎందుకు వాయిస్తున్నారన్న నిర్ణయం. కాబట్టి సాధన గదిలో సమానత్వం మర్యాదకు సంబంధించిన చిన్న విషయం కాదు. అది లేని కలయిక పాత వెట్టినే కొత్త వెలుగుల కింద కొనసాగిస్తుంది.

నాలుగో అభ్యంతరం పని చేసేవారిది: రాత్రంతా సాగే కథను గంటన్నర వేదికకు కుదించాలి, నిర్మాతకు గడువులుంటాయి, అందరినీ అడుగుతూ కూర్చుంటే పని తెమలదు. కుదింపు అవసరమే. దాన్ని ఎవరు చేస్తారన్నదే తేడా. ఏ ఘట్టం తీసేస్తే కథ కుంటుపడుతుందో, ఏది తీసినా నిలబడుతుందో రాత్రంతా చెప్పే కథకుడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ముందు కూర్చున్నవారిని బట్టి కథను పెంచడం, తుంచడం అతను రోజూ చేసే పనే. అతని చేత కుదింపజేస్తే సమయం కూడా కలిసొస్తుంది.

6. ఏం చేయాలి?

ఇంతవరకు చెప్పిన వాదన నుంచి కొన్ని ఆచరణ సూత్రాలు వస్తాయి. మొదటిది, సాధనకు పిలవడం ఆలోచన పుట్టినప్పుడే జరగాలి, అంతా సిద్ధమయ్యాక కాదు. సాధన రోజులకూ కూలి కట్టాలి, ప్రదర్శన రోజుకు మాత్రమే కాదు. ఊరు వదిలి పది రోజులు నగరంలో ఉండే కళాకారుడు పొలం పనో, కూలి పనో వదులుకుని వస్తాడు. రెండోది, భాషనూ యాసనూ దిద్దకూడదు. మూడోది, పేర్లు. గాయకుడి పేరు, వాద్యకారుడి పేరు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చారు అన్నవి కార్యక్రమ పత్రంలోనూ తెర మీదా రాయాలి. 1957 కాపీరైటు చట్టానికి 1994లో ప్రదర్శకుల హక్కు, 2012లో తన పేరు చెప్పాలని కోరే నైతిక హక్కు చేరాయి. ఆ చట్టం జానపద కళాకారుడికీ వర్తిస్తుంది. ఒక సమాజమంతా కలిసి కాపాడుకున్న మౌఖిక సంపదకు మాత్రం చట్టంలో ప్రత్యేక రక్షణ లేదు. చట్టం చెప్పని చోట ఒప్పందం చెప్పాలి. ఆదాయంలో వాటా, మళ్ళీ వాడుకోవడానికి అనుమతి, రెండూ కళాకారుడికి అర్థమయ్యే తెలుగులో రాసి ఉండాలి.

నాలుగోది విశ్వవిద్యాలయాలకు, అకాడమీలకు. వరంగల్లులో తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఆచార్య బిరుదురాజు రామరాజు గారి నుంచి ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి దాకా పాటలను, కథలను, వాద్యాలను సేకరించిన పెద్దలున్నారు. వింజమూరి సీత, అనసూయ సోదరీమణులు పల్లెపాటలను రేడియోకు, కచేరీ వేదికకు తెచ్చారు. సేకరణ మనకు బాగానే అలవాటైంది. ఇక కావాల్సింది బోధన. నాటకశాఖలో చదివే విద్యార్థి ఒక ఒగ్గు గురువు దగ్గర, ఒక చిందు గురువు దగ్గర పూర్తి సంవత్సరం కూర్చుని నేర్వాలి. ఆ గురువుకు డిగ్రీ లేదన్న కారణంతో జీతం తగ్గించకూడదు. ఐదోది, కలిసి తయారుచేసిన ప్రదర్శన మొదట ఆ కళ పుట్టిన ఊళ్ళో ఆడాలి. ఎక్కడ బాగుంది, ఎక్కడ బెసికింది అన్నది ఆ ఊరు ఏ విమర్శకుడికంటే ముందే చెబుతుంది.

ఈ సూత్రాలు ఖర్చుతో కూడుకున్నవి, ఆలస్యం చేసేవి. అది నిజమే. కానీ వీటిని పక్కనపెట్టి త్వరగా తయారైనవి ఒక సీజన్ దాటి గుర్తుండవు. ‘చరణ్‌దాస్ చోర్’ను ఐదు దశాబ్దాల తర్వాత కూడా ఇలా తలచుకుంటున్నాం. నాజర్ గారి బుర్రకథ ఎనభై ఏళ్ళు దాటినా మన మధ్య ఉంది. రెండింటిలోనూ కళ తెలిసినవారి చేతిలోనే నిర్ణయం ఉంది.

ఇక్కడున్న యువ దర్శకులకు, సంగీత దర్శకులకు, నృత్యకారులకు నా విన్నపం ఒకటే. మీ తర్వాతి ప్రదర్శనకు జానపద కళాకారుడిని పిలవండి, తప్పకుండా పిలవండి. పిలిచేటప్పుడు రాతప్రతి చేతికి ఇవ్వకండి, ఖాళీ కాగితం ముందు పక్కన కూర్చోబెట్టుకోండి. కళాకారులకు కూడా ఒక మాట: మీ పేరు లేని పత్రం మీద సంతకం పెట్టకండి, మీకు నచ్చని మార్పుకు తల ఊపకండి. ప్రభుత్వాలకు, సంస్థలకు చెప్పేది: సన్మానపు శాలువాకు ముందు సాధనకు జీతం ఇవ్వండి. నాజర్ గారికి మనం చేయగల నిజమైన స్మరణ ఇదే.